రాయదుర్గం టు రామప్ప... రాళ్లు చెప్పే కథల దారి!

చుట్టూ అద్దాల మేడలు. పొద్దున లేస్తే ట్రాఫిక్, రాత్రి దాకా ఆఫీసు. నాలుగు రోజులు సెలవు దొరికిందంటే చాలు... గోవాకో, ఊటీకో టిక్కెట్లు వెతుకుతాం. అంతదూరం ఎందుకు? సొంత కారో, ఆర్టీసీ బస్సో ఎక్కితే చాలు... కోటలు, గుళ్లు, చెరువులు, అడవి, జలపాతం, మగ్గాల చప్పుడు, ఇత్తడి మీద సుత్తి మోత... అన్నీ ఒకే దారిలో పలకరిస్తాయి. ఎలా వెళ్లాలో, ఏది చూడాలో, ఏది వదిలేయాలో చూద్దామా!

రాయదుర్గం అనగానే అనంతపురం జిల్లావాళ్లకి తమ ఊరు గుర్తొస్తుంది. హైదరాబాద్‌వాళ్లకి మాత్రం ఐటీ కంపెనీలు, మెట్రో ఆఖరి స్టేషనూ గుర్తొస్తాయి. నాగోలు నుంచి వచ్చే నీలం లైను మెట్రో 2019 నవంబరు 29న ఇక్కడిదాకా వచ్చింది. పక్కనే దుర్గం చెరువు. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లందించిన చెరువని పేరు. 2020 సెప్టెంబరులో దానిమీద తీగల వంతెన తెరిచాక సాయంత్రమైతే సెల్ఫీలు దిగేవాళ్లే!

కానీ ఈ ప్రాంతంలో అన్నిటికన్నా పాతవి ఏవో తెలుసా? రాళ్లు. హైదరాబాద్ గ్రానైట్ శిలల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పుట్టకముందే, ఆ మాటకొస్తే నేలమీద చెట్టన్నదే మొలవకముందే పుట్టిన రాళ్లివి. ఎవరో పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి నిలబడి ఉండే ఈ గుండ్లు ఖాజాగూడ వైపు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. చాలావాటిని పగలగొట్టి పునాదులు వేసేశాం. మిగిలినవాటినైనా కాపాడుకుందామని 1996లో నగరంలో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పేరుతో ఒక సంఘమే ఏర్పడింది.

మన దారికి అదే దారం. ఇంటిముందు రాళ్ల దగ్గర మొదలుపెట్టి, అదే రాతితో మన పూర్వీకులు ఏం చేశారో చూసుకుంటూ వెళ్లడమే ఈ ప్రయాణం. భువనగిరిలో రాయి కోటైంది. ఓరుగల్లులో ఊరి పేరైంది. రామప్పలో నాట్యమైంది.

ఎప్పుడు వెళ్లాలి?

ప్రయాణం అనగానే అందరూ ముందు హోటల్ వెతుకుతారు. నిజానికి ముందు చూడాల్సింది క్యాలెండరు. ఎందుకంటే ఈ దారిలో ఒక చిక్కుంది. పిల్లలకి పెద్ద సెలవులు వేసవిలో వస్తాయి. జలపాతంలో నీళ్లేమో వానాకాలంలో వస్తాయి! మే నెలలో బొగతకి వెళ్తే రాళ్లు తప్ప పెద్దగా నీళ్లు కనిపించవు. మధ్యాహ్నం పన్నెండింటికి భువనగిరి గుట్ట ఎక్కితే కాళ్లు కాలతాయి. పోనీ జులై, ఆగస్టుల్లో వెళ్దామంటే వాగులు పొంగుతాయి.

ఆ భయం ఊరికే కాదు. 2023 జులై ఆఖర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవైనాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో ఎన్నడూ లేనంత వాన. రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్ మండలంలోనిదే ఆ ఊరు. ఆ వారంలోనే, అదే జిల్లాలోని ముత్యంధార జలపాతం చూడటానికి అడవిలోకి వెళ్లిన పదుల కొద్దీ పర్యాటకులు తిరిగొచ్చేలోపు వాగు పొంగి అవతలే చిక్కుకుపోయారు. విపత్తు సహాయ బృందాలు రాత్రివేళ అడవిలోకి వెళ్లి వాళ్లని క్షేమంగా తీసుకురావాల్సి వచ్చింది.

అందుకే అన్నివిధాలా కలిసొచ్చేది దసరా సెలవులే. వానలు తగ్గుముఖం పడతాయి, చెరువులు నిండుగా ఉంటాయి, బొగత ఇంకా దూకుతూనే ఉంటుంది. దారి పొడవునా తంగేడు, గునుగు పూలు. బుట్టల్లో సీతాఫలాలు. పైగా బతుకమ్మ! ఎంగిలిపూల బతుకమ్మ నాడు హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఆడవాళ్లు వేల సంఖ్యలో చేరి ఆడతారు. అది చూడాలంటే మాత్రం గదులు చాలా ముందుగా మాట్లాడుకోవాలి. దసరా కుదరకపోతే సంక్రాంతి. జలపాతం సన్నబడుతుంది కానీ చలికాలం ఎండలో కోటలు ఎక్కడం హాయిగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త... రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర జరుగుతుంది. జాతరకే వెళ్లేవాళ్లు సరే. చెరువులూ గుళ్లూ తీరిగ్గా చూద్దామనుకునేవాళ్లు మాత్రం ఆ ఏడాది జాతర ముందూ వెనకా రోజుల్లో ఇటు రాకపోవడమే మేలు. ఈ దారి మొత్తం భక్తులతో నిండిపోతుంది.

మొదటి రోజు: గుట్ట, గుడి, ఇత్తడి

తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరాలి. పిల్లల్ని నిద్రమత్తులోనే కార్లో పడుకోబెట్టేయొచ్చు. నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కి, శంషాబాద్, పెద్దఅంబర్‌పేట మీదుగా ఘట్‌కేసర్ దగ్గర దిగితే నగరంలో ఒక్క సిగ్నల్ కూడా తగలదు. అక్కణ్నుంచి 163వ నంబరు జాతీయ రహదారి. మన ప్రయాణంలో చాలాభాగం ఈ ఒక్క రోడ్డే.

కారు లేదా? దిగులు అక్కర్లేదు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగితే వరంగల్ బస్సులు దొరుకుతాయి. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకి, వరంగల్‌కి రైళ్లు సరేసరి. హనుమకొండలో దిగి అక్కడ రెండు రోజులకి కారు మాట్లాడుకుంటే చాలు.

ఎండ ఎక్కకముందే చూడాల్సింది భువనగిరి కోట. దూరం నుంచే కనిపిస్తుంది... ఎవరో పెద్ద గుడ్డుని సగం నేలలో పాతినట్టు, అయిదువందల అడుగులకు పైగా ఎత్తున్న ఒకే ఒక్క రాయి! పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి పేరుమీద త్రిభువనగిరి అయింది, అదే వాడుకలో భువనగిరిగా మిగిలిందని చెబుతారు. పైకి మెట్లున్నాయి. మామూలుగా నడిచే పిల్లలు గంటలోపు ఎక్కేస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మాత్రం కిందే టీ తాగుతూ కూర్చోవడం మంచిది.

ఎక్కేటప్పుడు పిల్లలకి ఒక కథ చెప్పండి. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన అమ్మాయి మరొకరు లేరు. తోటి విద్యార్థి ఆనంద్‌కుమార్ కూడా ఆమెతోపాటే ఎక్కాడు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్న ఆ ఇద్దరూ కొండలెక్కడం మొదట నేర్చుకుంది ఈ భువనగిరి రాతిమీదే!

కిందికి దిగి టిఫిన్ చేసి ఆలేరు దాకా వెళ్తే, అక్కణ్నుంచి ఆరు కిలోమీటర్ల లోపలికి కొలనుపాక. జైనులకి ఇది పవిత్ర క్షేత్రం. కుల్పాక్‌జీ అంటారు. ఇక్కడి ఆదినాథుణ్ని మాణిక్యస్వామి అని పిలుస్తారు. పచ్చరాతి మహావీరుడి విగ్రహం దగ్గర చాలాసేపు నిలబడిపోతాం. ఇదే ఊళ్లో సోమేశ్వరాలయం వీరశైవులకి ముఖ్యమైన చోటు. ఒకే ఊరు... జైనానికీ, శైవానికీ కూడా క్షేత్రం. రెండూ చూడటానికి గంటన్నర చాలు.

ఆలేరు పేరు చెప్పగానే గుర్తుచేసుకోవాల్సిన మనిషి ఇంకొకరున్నారు... చింతకింది మల్లేశం. చీర నేయడానికి ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. దాన్ని ‘ఆసు పోయడం’ అంటారు. ఒక్క చీరకి చేతిని తొమ్మిదివేలసార్లు తిప్పాలి. సాధారణంగా ఈ పని ఇంట్లో ఆడవాళ్లదే. ఏళ్ల తరబడి ఆ పనిచేసి తల్లి లక్ష్మి భుజం పడిపోతుంటే చూడలేక, పెద్ద చదువులేవీ లేని మల్లేశం ఏళ్లు కష్టపడి 1999 నాటికి ఒక యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు... లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం సినిమాగానూ వచ్చింది. హైటెక్ సిటీలో పనిచేసే అమ్మానాన్నలు పిల్లలకి ‘ఇంజినీరింగ్ అంటే ఏమిటి?’ అని చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ దొరకదు.

మధ్యాహ్నానికి జనగామ దగ్గర పెంబర్తి. రోడ్డు పక్కనే ఉంటుంది కాబట్టి వేగంగా వెళ్తే దాటిపోతాం. ఇత్తడి రేకుని అడుగున మైనంలాంటి మెత్తటి ముద్దమీద అంటించి, చిన్న చిన్న ఉలులతో, సుత్తితో కొడుతూ బొమ్మ లేపుతారు ఇక్కడి విశ్వకర్మలు. కాకతీయుల కాలంలో గుళ్లకీ రథాలకీ తొడుగులు చేసిన చేతులని చెబుతారు. నిజాంల కాలానికి వచ్చేసరికి పాన్‌దాన్లు, అత్తరు డబ్బాలు చేశారు. ఇప్పుడు జ్ఞాపికలు, గోడకి తగిలించే పళ్లాలు, ధ్వజస్తంభాల తొడుగులు చేస్తున్నారు. రాజులు మారినా, కొనేవాళ్లు మారినా సుత్తి ఆగలేదు. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

చీకటి పడేలోపు హనుమకొండ. మొదటి రాత్రి బస అక్కడే.

రెండో రోజు: ఏకశిల నుంచి రామప్పకి

ఓరుగల్లు అంటే ఒకే రాయి. సంస్కృతంలో ఏకశిల. కోటలో ఆ ఒంటిగుట్ట ఇప్పటికీ ఉంది, ఎక్కొచ్చు కూడా. పొద్దున్నే ఆరున్నరకి కోటకి వెళ్తే నాలుగు కీర్తితోరణాల మధ్య మనం, పిచ్చుకలు తప్ప ఎవరూ ఉండరు. నాలుగు దిక్కులా ముప్పై అడుగుల రాతి ద్వారాలు. వాటి మధ్య ఒకప్పుడు స్వయంభూ దేవుడి గుడి. 1323లో కోట ఢిల్లీ సేనల చేతికి చిక్కాక గుడి పోయింది, తోరణాలు నిలిచాయి. నేలమీద పరుచుకుని ఉన్న నందులు, హంసలు, లతలు చెక్కిన ముక్కల్ని చూస్తే పిల్లలు కూడా కాసేపు అల్లరి మానేస్తారు. దగ్గర్లోనే ఖుష్‌మహల్. ఏటవాలు గోడల ఆ కట్టడం ఎక్కడో ఉత్తరాదిలో ఉన్నట్టుంటుంది.

వెనక్కి వచ్చి వేయిస్తంభాల గుడి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు... ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. ఎదురుగా కల్యాణమండపం. దీనిదో పెద్ద కథ. కుంగిపోతోందని 2000ల్లో ఆ మండపాన్ని రాయి రాయిగా విడదీశారు. ప్రతి రాయికీ గుర్తులు పెట్టి పక్కన పేర్చారు. అవి అలాగే ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉన్నాయి. మళ్లీ పేర్చడం అంత తేలిక కాదని అప్పుడు తెలిసొచ్చింది! చివరికి 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు మండపం మళ్లీ తెరుచుకుంది. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందటి పనివాళ్లు కట్టినదాన్ని మళ్లీ నిలబెట్టడానికి మన తరానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది.

వరంగల్ వదిలేముందు కొత్తవాడ వైపు వెళ్లండి. డర్రీలు, అంటే నూలు జంపఖానాలు నేసే వీధులివి. ఇక్కడి తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకే వెళ్లాయి. వరంగల్ డర్రీకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మడిచి డిక్కీలో పెట్టుకుంటే, సాయంత్రం చెరువు గట్టుమీద పరుచుకుని కూర్చోవడానికి పనికొస్తుంది. ఇంటికెళ్లాక హాల్లో వేసుకోవచ్చు.

మధ్యాహ్నం భోజనం చేసి ములుగు దారి పట్టాలి. రామప్ప దాదాపు డెబ్భై కిలోమీటర్లు. సాయంత్రం నాలుగింటికి చేరేలా చూసుకోండి. ఎందుకంటే ఎర్రటి ఇసుకరాతి గోడమీద, నల్లటి శిల్పాలమీద ఏటవాలు ఎండ పడేది అప్పుడే.

కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. దేవుడు రామలింగేశ్వరుడు. గుడికి మాత్రం శిల్పి రామప్ప పేరే నిలిచిందని చెప్పుకుంటారు. కట్టించిన సేనాని పేరు శాసనంలో ఉండిపోయింది, చెక్కినవాడి పేరు జనం నోట్లో నిలిచింది! 2021 జులై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ గౌరవం దక్కిన మొదటి కట్టడం ఇదే.

ఇక్కడ మూడు విషయాలు తప్పక చూడాలి. ఒకటి... చూరు కింద వంగి నిలబడ్డ మదనికలు, నాగిని. నల్లరాతిని అద్దంలా నునుపు చేశారు. ఒకామె కాళ్లకి ఎత్తు మడమల చెప్పులు చూపించి గైడ్లు మురిసిపోతుంటారు. రెండోది... కనిపించని పునాది. గోతిని ఇసుక మిశ్రమంతో నింపి, దానిమీద గుడి నిలబెట్టారు. భూమి కదిలినా ఇసుక సర్దుకుంటుంది. గుడి నేల అక్కడక్కడా ఎగుడుదిగుడైనా కట్టడం కూలకపోవడానికి కారణం అదే. మూడోది... గోపురం ఇటుకలు. లోపల గాలి గదులుండేలా కాల్చిన ఈ ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయి. పైన బరువు తగ్గించి, కింద మెత్తటి పునాది వేశారన్నమాట. ఎంత లెక్క!

స్తంభాలమీది నాట్యభంగిమలు చూశారా? గణపతిదేవుడి గజసేనాని జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ రాశాడు. శతాబ్దాల తర్వాత నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ, ఈ గుడి శిల్పాల్నీ పక్కపక్కన పెట్టుకుని అధ్యయనం చేసి పేరిణి తాండవాన్ని మళ్లీ వేదికమీదికి తెచ్చారు. అంటే ఆ రాళ్లు నాట్యాన్ని దాచిపెట్టి తిరిగిచ్చాయి.

ఒక విన్నపం. ‘ఇక్కడ కొడితే స్వరాలు పలుకుతాయి’ అంటూ శిల్పాన్ని తట్టి చూపిస్తుంటారు. దయచేసి మీరూ తట్టకండి, పిల్లల్నీ తట్టనివ్వకండి. రోజూ వందలమంది తట్టితే ఎంత రాయైనా అరుగుతుంది.

పక్కనే రామప్ప చెరువు. అదీ కాకతీయుల నాటిదే. గుడి కట్టేవాళ్లు చెరువు కూడా తవ్వించడం వాళ్ల అలవాటు. ఇంకా ఓపికుంటే పది కిలోమీటర్ల దూరంలో ఘనపురం కోటగుళ్లు ఉన్నాయి. పెద్దగుడి చుట్టూ చిన్న చిన్న గుళ్ల గుంపు. రామప్పలో ఉన్న జనం అక్కడ ఉండరు.

రాత్రి బసకి లక్నవరం. ఇది కూడా కాకతీయుల కాలపు చెరువే. కొండల మధ్య నీళ్లు, నీళ్ల మధ్య దీవులు, దీవుల మధ్య వేలాడే వంతెనలు. పర్యాటక శాఖ కాటేజీలున్నాయి కానీ శని, ఆదివారాల్లో అప్పటికప్పుడు వెళ్తే దొరకవు.

మూడో రోజు: అడవి దారి

లక్నవరం నుంచి తాడ్వాయి దారిలోకి రాగానే సెల్‌ఫోన్ సిగ్నల్ తగ్గుతుంది. ఏటూరునాగారం అభయారణ్యం మొదలవుతుంది. తాడ్వాయి మండలంలోని దామెరవాయి దగ్గర గుట్టమీద పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన సమాధులున్నాయి. ఊరివాళ్లు రాకాసి గుళ్లంటారు. ఇనుపయుగపు మనుషులు తమవాళ్లని పాతిపెట్టి, చుట్టూ బండలు నిలబెట్టి, పైన ఒక బండ కప్పారు. వందకు పైగా ఉన్న ఈ సమాధులకు రామప్ప వయసుకన్నా రెండింతల వయసు. స్థానికుల సాయం లేకుండా దారి దొరకదు. అటవీశాఖవాళ్లని అడిగి, అక్కడివారిని తోడు తీసుకుని వెళ్లండి.

ఈ అడవిలో 2024 ఆగస్టు 31న విచిత్రం జరిగింది. తాడ్వాయి-మేడారం మధ్య ఒక్కసారిగా వీచిన సుడిగాలికి వేల సంఖ్యలో మహావృక్షాలు వేళ్లతో సహా కూలిపోయాయి. ఆ మచ్చ అడవికి ఇప్పట్లో మానదు. చెట్టు పడటానికి క్షణాలు, పెరగడానికి దశాబ్దాలు. పిల్లలకి ఇదీ చెప్పాల్సిన పాఠమే.

ఏటూరునాగారం దాటి గోదావరి వంతెనమీద ఒక్క నిమిషం ఆగండి. భద్రాచలం చేరకముందు గోదారమ్మ ఎంత వెడల్పో ఇక్కడ తెలుస్తుంది. అవతల వాజేడు మండలం చీకుపల్లి దగ్గర బొగత. ఎత్తు మరీ ఎక్కువేం కాదు... వెడల్పే దాని అందం. తెలంగాణ నయాగరా అని ముద్దుగా పిలుస్తుంటారు. నీళ్లు ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో లోపలికి దిగనివ్వరు. ‘ఇంతదూరం వచ్చాం, ఒక్కసారి’ అని సిబ్బందితో వాదించకండి. జారే రాళ్లు, లోతు తెలియని గుండం ఎవరికీ మినహాయింపు ఇవ్వవు.

మధ్యాహ్నం రెండింటికల్లా తిరుగుప్రయాణం మొదలుపెట్టాలి. హనుమకొండ నూట నలభై కిలోమీటర్లు. అడవిలో చీకటి పడ్డాక బండి నడపడం మనకీ మంచిది కాదు, రోడ్డు దాటే జంతువులకీ మంచిది కాదు.

నాలుగో రోజు: బొమ్మా... గుడ్డా?

తిరిగొచ్చే రోజున రెండు దారులున్నాయి. ఒకటి చేర్యాల, రెండోది పోచంపల్లి. రెండూ చూడాలనుకుంటే రెండిటినీ సరిగ్గా చూడలేరు. ఒకదాన్ని ఎంచుకోండి.

జనగామ నుంచి ముప్పై కిలోమీటర్లు వెళ్తే చేర్యాల. ఖాదీ గుడ్డకి బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, దానిమీద ఎర్రటి నేపథ్యంలో బొమ్మలు గీస్తారు నకాషీలు. ఒకప్పుడు ఈ పటాలు నలభై, యాభై అడుగుల పొడవుండేవి. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, గొల్లలకి కాటమరాజు కథ చెప్పే మందెచ్చులు... ఇలా ఒక్కో కులానికీ కథ చెప్పే కళాకారులు పటాన్ని ఊరూరా తీసుకెళ్లి, ఒక్కో బొమ్మా విప్పుతూ రాత్రంతా పాడేవారు. సినిమా రాకముందు పల్లెల్లో సినిమా అదే!

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. కథ వినేవాళ్లు తగ్గారు. పటం అడిగేవాళ్లు పోయారు. నకాషీ ఇళ్లు కొన్నే మిగిలాయి. పొడవాటి పటం కుదించి ఫ్రేము బొమ్మలు, కొబ్బరిచిప్ప మాస్కులు చేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఈ కళ బతుకుతోందంటే వాటిని కొని గోడకి తగిలించుకునేవాళ్ల వల్లే. చేర్యాల నుంచి అటు రాజీవ్ రహదారి ఎక్కేస్తే శామీర్‌పేట దగ్గర మళ్లీ ఔటర్ రింగురోడ్డు. నేరుగా ఇంటికి.

రెండోది భూదాన్ పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే అడగ్గానే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చింది ఇక్కడే. భూదానోద్యమం పుట్టిన ఊరు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఇదీ ఒకటి. ఇక్కడి ఇక్కత్‌లో రహస్యం ఏమిటంటే... గుడ్డమీద రంగు వేయరు, దారంమీదే వేస్తారు. డిజైను ప్రకారం దారాన్ని రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. కట్టినచోట రంగు అంటదు. విప్పి, మళ్లీ కట్టి, మరో రంగులో ముంచుతారు. అన్నీ అయ్యాక మగ్గంమీద నేస్తుంటే బొమ్మ దానంతటదే తేలుతుంది. లెక్క ఒక్క దారం తప్పినా బొమ్మ చెదిరిపోతుంది.

అసలుదా, అచ్చుదా ఎలా తెలుస్తుంది? తిరగేసి చూడండి. రెండువైపులా రంగు ఒకేలా ఉంటే ఇక్కత్. వెనక వెలిసినట్టుంటే అచ్చు గుడ్డ. డిజైను అంచులు గీత గీసినట్టు కాకుండా, కొంచెం చెదిరి ఈకల్లా ఉండటం కూడా ఇక్కత్ గుర్తే. అది లోపం కాదు, చేతి పని సంతకం.

కొనేముందు ఒక్క మాట

మాల్‌లో ధర చీటీ చూసి మారుమాట్లాడకుండా కార్డు గీకేస్తాం. నేతగాడి గుమ్మంలో మాత్రం ‘సగానికివ్వు’ అని బేరం మొదలుపెడతాం! ఒక చీర వెనక ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చేసిన పని ఉంటుంది. ఆసు పోసేది ఒకరు, కట్టేది ఒకరు, నేసేది ఒకరు. ఆ ఇంటి పిల్లలు చదువుకుని నగరానికి వచ్చేస్తున్నారు. రావాల్సిందే, తప్పేం లేదు. రాయదుర్గంలోని ఆఫీసుల్లో చేనేత ఇళ్లనుంచి వచ్చిన కుర్రాళ్లు ఎందరో ఉంటారు. కానీ మగ్గం ముందు కూర్చున్నవాడికి, కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి మధ్య రాబడిలో ఇంత తేడా ఉంటే, పదేళ్ల తర్వాత మన పిల్లలకి చూపించడానికి మగ్గం మ్యూజియంలోనే మిగులుతుంది.

అందుకని మీ ప్రయాణం ఖర్చులో హోటల్‌కి, పెట్రోలుకి పక్కన పెట్టినట్టే చేతిపనికి కూడా కొంత పక్కన పెట్టండి. పెద్దదే కొననక్కర్లేదు. ఒక ఇత్తడి దీపం, ఒక చిన్న మాస్కు, ఒక దుప్పటా. తయారుచేసినవాళ్ల దగ్గరే కొనండి. పిల్లలతో ‘ఇదెలా చేస్తారు?’ అని అడిగించండి. తెచ్చిన ప్రతి వస్తువు వెనకా చేసినవాళ్ల పేరు, ఊరు రాసి పెట్టుకోండి. ఇంటికొచ్చిన చుట్టాలు ‘ఎక్కడిదిది?’ అని అడిగితే మరో కొనుగోలుదారు తయారైనట్టే!

బయల్దేరేముందు...

* మొత్తం దూరం ఏడువందల కిలోమీటర్ల పైమాటే. నాలుగు పగళ్లు, మూడు రాత్రులు. రెండు రోజులే ఉంటే భువనగిరి, పెంబర్తి, ఓరుగల్లు, రామప్ప చాలు. ఒక్క ఆదివారమే ఉంటే పోచంపల్లి, భువనగిరి.

* హనుమకొండ, లక్నవరం, రామప్ప, తాడ్వాయిల్లో పర్యాటక సంస్థ హరిత వసతులున్నాయి. ముందుగా మాట్లాడుకోండి.

* ములుగు దాటాక పెద్ద ఆసుపత్రులు, పెట్రోలు బంకులు తక్కువ. హనుమకొండలోనే ట్యాంకు నింపండి. బ్యాటరీ కారైతే ఛార్జింగ్ ఎక్కడ దొరుకుతుందో ఇంట్లోనే చూసుకోండి. పెద్దవాళ్ల మందులు రెండు రోజులకి ఎక్కువే పెట్టుకోండి.

* అడవిలో ఫోన్లు పనిచేయవు. దారి పటాన్ని ముందే ఫోన్లో దించుకోండి. ఇంట్లోవాళ్లకి ఏ రాత్రి ఎక్కడుంటారో చెప్పి వెళ్లండి.

* వానాకాలమైతే వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకున్నాకే ములుగు దాటండి. రెడ్ అలర్ట్ ఉంటే ఓరుగల్లు దగ్గరే ఆగి కోట ఇంకోసారి చూడండి. వాగుమీద నీళ్లు పారుతుంటే ఎంత తక్కువున్నా దాటొద్దు.

* భద్రకాళి గుడి, యాదగిరిగుట్ట దర్శనాలు కూడా కలుపుకోవాలంటే ఒక్కోదానికీ సగం పూట అదనంగా ఉంచుకోండి.

* సీతాఫలాల కాలంలో వెళ్తే దోరకాయలే కొనండి. ఇల్లు చేరేసరికి పండుతాయి. పండినవి కొంటే... డిక్కీలోని కొత్త జంపఖానా ఉతుక్కోవాల్సి వస్తుంది మరి!